టెంక దగ్గరే తీపి

నా మనవరాలికి ఏడో ఏడు నడుస్తోంది. మనవడు దానికంటే రెండేళ్ళు చిన్న. మా అబ్బాయికి తిరువూరులో విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. కోడలు విస్సన్నపేటలో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. పొద్దున బస్సుకి వెళ్ళి చీకటి పడే వేళకి ఇల్లు చేరుతుంది. మా ఆయన మామిడితోట చూసుకుంటారు. నేను బళ్ళో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. అందుకని బడి వదిలిన దగ్గర్నుంచి పిల్లలిద్దరూ నా దగ్గరే ఉంటారు.

పిల్లలకి నేర్పడం ఎలాగో నాకు తెలుసనే అనుకునేదాన్ని. ముందు మనం చెప్పాలి, తర్వాత వాళ్ళచేత చెప్పించాలి, రాయించాలి, తప్పులు దిద్దాలి. ఏళ్ళ తరబడి చేసిన పని అదే. దాన్ని మించి నేర్పేది ఇంకొకటి ఉందని, అది నోరు విప్పకుండానే రోజంతా పాఠం చెబుతూ ఉంటుందని, మొన్న వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

కాపు చివరికొచ్చింది. గడ్డిలో మాగేసిన చిన్నరసాలు అయిపోతున్నాయి. భోజనాల దగ్గర బుట్ట తెచ్చి చూస్తే ఒక్క పండే మిగిలింది. మగవాళ్ళూ పిల్లలూ తిని లేవబోతున్నారు. నేనూ కోడలూ వడ్డిస్తున్నాం.

"పిల్లలకియ్యి," అన్నారు మా ఆయన.

నా మనవరాలికి రసం అంటే ప్రాణం. పండు చేతికి రాగానే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా పిసకడం మొదలుపెట్టింది. మెత్తబడ్డాక ముచ్చిక దగ్గర కొరికి, మొదటి చుక్క నాలుకతో అందుకోబోయింది. అంతలో తమ్ముడి వంక చూసింది. వాడు అడగలేదు, ఏడవలేదు. ఊరికే చూస్తున్నాడంతే.

"నాకొద్దు నానమ్మా. కడుపు నిండిపోయింది. తమ్ముడికిచ్చెయ్," అంది.

అంటూ ఎడమచేతిని పొట్టమీద పెట్టుకుంది. తల కొంచెం పక్కకి వంచింది. చూపు మాత్రం పండుమీద లేకుండా గుమ్మం వైపు తిప్పుకుంది.

నా చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. అలాగే నిలబడిపోయాను. ఆ చెయ్యి, ఆ తల వంపు, ఆ గుమ్మం వైపు చూపు మా అమ్మవి.

మా అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఈ పిల్ల తల్లిదండ్రుల పెళ్ళి కూడా ఆమె చూడలేదు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి ఉంది. అందులో ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంటుంది. మా చిన్నప్పుడు చేపల పులుసు వండిన రోజున ముక్కలన్నీ నాన్నకీ అన్నయ్యలకీ వేసి, అడుగున మిగిలిన పులుసు చూసుకుంటూ ఆమె సరిగ్గా ఇలాగే నిలబడేది. "నాకు కడుపు నిండిపోయింది. ముక్కకంటే పులుసే బాగుంటుంది నాకు," అనేది. నేను నమ్మేదాన్ని. చాలాకాలం దాకా మా అమ్మకి చేపముక్క ఇష్టం లేదనే అనుకున్నాను.

ఆ మనిషి ఈ పిల్లలోకి ఎలా వచ్చింది?

మనవడు పండు తిని, టెంక కంచంలో పడేసి, తాతతో పాటు లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేను గిన్నెలు వేయడానికి పెరట్లోకి వెళ్ళాను. తొట్టి వెనక గట్టుమీద మనవరాలు కూర్చుని ఉంది. తమ్ముడు పడేసిన టెంక దాని చేతిలో ఉంది. పీచు తెల్లబడేదాకా చప్పరిస్తోంది.

"ఏంటమ్మలూ, కడుపు నిండిందన్నావుగా," అన్నాను.

అది ఏమాత్రం తడబడలేదు. "టెంక దగ్గరే తీపి ఎక్కువ నానమ్మా," అంది.

అది కూడా మా అమ్మ మాటే. మేం పండ్లు తిని పడేసిన టెంకలు తీసుకుని ఆమె అలాగే అనేది. నేను ఈ పిల్లకి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. పక్కన కూర్చుని గుర్తు చేసుకున్నాను. చెప్పలేదు, నిజమే. కానీ అని ఉంటాను. ఎవరితోనో కాదు, నాలో నేను, గిన్నెలు సర్దుకుంటూ, పిల్లల కంచాల్లోంచి టెంకలు ఏరుకుంటూ. నేను అన్నట్టు నాకే తెలియని మాటని ఈ పిల్ల ఎక్కడో నిలబడి విని, దాచుకుంది. మా అమ్మ దగ్గర నేను ఎప్పుడు నేర్చుకున్నానో నాకు తెలియదు. నా దగ్గర ఇది ఎప్పుడు నేర్చుకుందో దీనికీ తెలియదు. చనిపోయిన మనిషి చెయ్యి ఒకటి, నా పొట్టమీద నుంచి జారి ఈ పిల్ల పొట్టమీదకి వచ్చింది. భయం వేసింది. భయం కంటే ఎక్కువగా, గర్భగుడి ముందు నిలబడినప్పుడు కలిగేలాంటి ఒక నిశ్శబ్దం నన్ను కమ్మేసింది.

ఆ రోజు నుంచి పిల్లల్ని చూడటం మొదలుపెట్టాను. రోజూ చూస్తున్న పిల్లలే, ఇప్పుడు కొత్తగా కనిపించారు.

వరండాలో ఇద్దరూ కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంటారు. ఎవరైనా నడిచొస్తే అది కాళ్ళు ముడుచుకుంటుంది. వాడు ముడుచుకోడు, వచ్చినవాళ్ళే దాటుకుని వెళతారు. గేటు చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి లేస్తారు. వాడు వచ్చిందెవరో చూడటానికి బయటికి పరిగెత్తుతాడు. అది మంచినీళ్ళ కోసం లోపలికి పరిగెత్తుతుంది. ఇద్దరూ పడిపోతారు, ఇద్దరి మోకాళ్ళూ గీసుకుపోతాయి. వాడు ఏడవబోయి, తాత కనబడగానే ఆపుకుంటాడు. పెదవి వణుకుతుంటుంది, అయినా ఆపుకుంటాడు. ఆ పెదవి చూసినప్పుడు నాకు వాడిమీద కూడా అంతే జాలి కలిగేది. వాడికీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మా ఆయన కన్నీళ్ళు పెట్టుకోవడం వాడు ఏనాడూ చూడలేదు, అంతే. సొంత తమ్ముడు పోయిన రోజున కూడా ఆయన పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. అప్పుడు వీడికి మూడేళ్ళు. ఆ మొహం కడుక్కోవడం వీడు చూసే ఉంటాడు.

చూసినకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. పిల్లలు మనల్ని చూడటం లేదనుకున్న క్షణాల్లోనే ఎక్కువ చూస్తారు. నేను పలక మీద దిద్దించిన అక్షరాలు మర్చిపోయిన పిల్లల్ని ఎంతోమందిని చూశాను. ఇది మర్చిపోయే చదువు కాదు.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒకరోజు భోజనమయ్యాక మనవణ్ణి ఆపాను.

"నీ కంచం నువ్వే తీసి సింకులో వెయ్యి నాన్నా."

"అక్క తీస్తుందిగా."

"అక్క కంచం అక్క తీస్తుంది. నీది నువ్వు తియ్యాలి."

"తాతయ్య తియ్యడు కదా?"

"తాతయ్య పెద్దవాడు కదరా."

"మరి నేను కూడా పెద్దవాణ్ణి అవుతాగా నానమ్మా," అన్నాడు. ఎదురు చెప్పినట్టు అనలేదు. తాత అవడానికి ఇప్పట్నుంచే నేర్చుకుంటున్నాను, అడ్డు రాకు, అన్నట్టు చాలా మర్యాదగా అన్నాడు.

కోడలితో చెప్పాను. ఆదివారం బట్టలు మడతపెడుతూ, పండు సంగతీ టెంక సంగతీ అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతిలో ఉన్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"నేనూ చూశానత్తయ్యా. నేను బస్సు దిగి రాగానే అది నా బ్యాగు అందుకుంటుంది. వాళ్ళ నాన్న బండి దిగితే తాళాలు వాడందుకుంటాడు. మంచి పిల్లలనుకుని మురిసిపోయాను. మొన్న ఆఫీసులో బాక్సు విప్పి, అందరూ తినేదాకా నేను మొదలుపెట్టలేదు. అక్కడ నన్ను ఎవరు ఆగమన్నారు? నేనే ఆగాను."

"మరి ఏం చేద్దాం?"

"చెప్తే వినరత్తయ్యా వాళ్ళు. మనిద్దరం రోజూ ఆఖరున తింటాం కదా. పిల్ల అదే చూస్తుంది."

ఎంత తేలికగా అందో అంత కష్టమైన మాట అది. ఆఖరున తినొద్దని నన్ను ఎవరూ ఆపలేదు. ఆయన ఏనాడూ తర్వాత తినమనలేదు. వేడివేడిగా వడ్డించి, వాళ్ళు తింటుంటే చూడటంలో నాకొక సుఖం ఉంది. అది అబద్ధం కాదు. అయినా ఆ రాత్రి అన్నం, కూర, పప్పు అన్నీ టేబుల్ మధ్యలో పెట్టి, కోడల్ని కూర్చోమని, నేనూ కూర్చున్నాను.

మా ఆయన కంచం ముందు కూర్చుని ఎదురుచూశారు. ఎవరూ వడ్డించలేదు. అబ్బాయి నా వంక చూసి, తల్లికి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు.

"ఏంటమ్మా, నీరసంగా ఉందా?"

"ఏం లేదురా. ఆకలేసింది, కూర్చున్నాను."

అలా అన్నానే గాని, నాకు ముద్ద దిగడం లేదు. కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఎవరికి ఏం తగ్గిందోనని కళ్ళు అందరి కంచాల చుట్టూ తిరుగుతున్నాయి. కూర్చుని తినడం కూడా నేర్చుకోవలసిన పనేనని ఈ వయసులో తెలిసింది. మా ఆయన తనే వడ్డించుకుని కలుపుకున్నారు. రెండు ముద్దలు తిని, "ఆవకాయ తేలేదే," అన్నారు.

కోడలు లేవబోయింది. టేబుల్ కింద దాని మణికట్టు పట్టుకున్నాను.

ఆయన ఇంకాసేపు చూసి, తనే లేచారు. వంటింట్లో ఒక తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, ఇంకొక తలుపు. ఈ ఇల్లు కట్టించింది ఆయన. ప్రతి ఇటుకా దగ్గరుండి పేర్పించారు. ఆవకాయ జాడీ ఎక్కడుందో తెలియదు. అబ్బాయి కూడా లేచి వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన నిలబడ్డాడు. వాడికీ తెలియదు.

అప్పుడు మనవడు కుర్చీ దిగి వెళ్ళాడు. బియ్యం డబ్బా వెనకనుంచి జాడీ లాగి, రెండు చేతులా పొదివిపట్టుకుని తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

"నీకెలా తెలుసురా?" అన్నారు మా ఆయన.

"రోజూ తింటాగా, నానమ్మ పడుకున్నప్పుడు," అన్నాడు వాడు.

అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. కానీ కూర్చున్నాక ఆయన మొహంలో ఏదో ఆలోచన కనిపించింది. మా ఇద్దరి మధ్య ఇలాంటివి మాట్లాడుకునే అలవాటు లేదు.

తర్వాత రోజుల్లో అందరం కలిసే తిన్నాం. ఎవరిది వాళ్ళు వడ్డించుకున్నారు. ఆయన మాత్రం తక్కువ తింటున్నారని గమనించాను. ఇంకొంచెం వేసుకోమని అడిగేవాళ్ళు లేకపోతే ఎంత ఆకలేస్తుందో ఆయనకే తెలియదు పాపం.

తోట ఈ ఏడు బాగా కాస్తే నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి గుడి దగ్గర భోజనాలు పెట్టిస్తానని ఆయన మొక్కుకున్నారు. బాగానే కాసింది. తొలకరి వానలు పడ్డాక ఒక శనివారం అందరం కారులో నెమలి వెళ్ళాం. చుట్టాలు వేరే వచ్చారు. దర్శనం అయింది. వంటవాళ్ళు పొద్దున్నే పొయ్యిలు వెలిగించారు. షామియానా కింద ఆకులు పరిచి, జనం వరసలుగా బంతికి కూర్చునేసరికి ఎండ చుర్రుమంటోంది.

మా ఆయన చొక్కా విప్పి బనీనుతో నిలబడ్డారు. తువ్వాలు నడుముకి బిగించి, పప్పు బకెట్టు అందుకున్నారు. మా వైపు బంతి భోజనాల్లో వడ్డన మగవాళ్ళదే. నాకిది కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, గుళ్ళ దగ్గర ఆయన్ని వడ్డనకి పిలవని చుట్టం లేడు. చెయ్యి వాటంగా ఉంటుంది. వంగుతారు, గరిట తిప్పుతారు, ఒక చుక్క కూడా ఆకు దాటదు. "వేసుకోండి, మొహమాటపడకండి, ఇంకొక గరిటె," అంటూ వెళతారు. ముసలివాళ్ళ దగ్గర ఆగి అన్నం మెత్తగా ఉందా అని అడుగుతారు. చంటిపిల్లల తల్లి ఉంటే, పక్కనున్న కుర్రాడితో ముందు ఆవిడకి నెయ్యి వెయ్యమంటారు.

నేనూ మనవరాలూ పక్కపక్కన ఆకుల ముందు కూర్చున్నాం. ఆ పిల్ల తన ఆకు సంగతి మర్చిపోయి తాతనే చూస్తోంది. ఆ చిన్న మొహంలో అంత విడ్డూరం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన వరసలో వంగుతూ, లేస్తూ మా దగ్గరికి వచ్చారు. దాని ఆకులో పప్పు వేశారు.

"తాతయ్యా, నీకు వడ్డించడం వచ్చా?" అంది.

"ఎందుకు రాదూ," అన్నారు ఆయన గర్వంగా.

"మరి మనింట్లో ఎందుకు రాదు?"

గట్టిగా అనలేదు. నిజంగా తెలియక అడిగింది. కొందరికి కొన్ని ఊళ్ళలో మాత్రమే చేతులు పనిచేస్తాయేమో అని అడిగినట్టుంది. అటుపక్క కూర్చున్న చుట్టాలు పెద్దగా నవ్వారు. "దొరికిపోయావు బాబాయ్," అన్నారెవరో. ఆయన నవ్వలేదు. బకెట్టు పట్టుకుని అలాగే వంగి ఉన్నారు. తర్వాత నా ఆకు వంక చూశారు. అందులో పప్పు వేసి, ఇంకొక గరిటె కూడా వేసి, ముందుకి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఆయన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా తోటల వైపే చూస్తున్నారు. ఇంటికొచ్చాం. మొక్కు తీరిందని నేను దీపం పెట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం. వంట అయింది. గిన్నెలు టేబుల్ మీద పెట్టి అందర్నీ పిలిచాను. ఆయన వచ్చారు గాని కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టారు. అన్నం గిన్నె ఎడమచేత్తో ఎత్తుకున్నారు.

"కూర్చో," అన్నారు నాతో.

"మీరు కూర్చోండి, నేను..."

"కూర్చోమన్నానా."

కూర్చున్నాను. ఆయన మొదట నా దగ్గరికే వచ్చారు. బంతిలో వంగినట్టే నడుము వంచి, నా కంచంలో అన్నం వేశారు. తర్వాత పప్పు. గరిట తిప్పిన తీరు నెమలిలో తిప్పిన తీరే. మా పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా జుట్టంతా తెల్లబడింది. ఆయన చేతి వడ్డన ఎందరో తినగా చూశాను. ఇంట్లో నా కంచంలో ఆయన చేత్తో పడిన మొదటి అన్నం ఇది. కలుపుకోవడానికి చెయ్యి పెట్టాను గాని, కంచం కనబడలేదు. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"కారమా?" అన్నారు ఆయన.

"కాదు. బాగుంది."

"ఇంకొంచెం నెయ్యి వేసుకో."

కోడలికీ వేశారు. ఆ పిల్ల మామగారి ముందు ఎలా కూర్చోవాలో తెలియక సగం లేచి, సగం కూర్చుని, "చాలు మావయ్యగారూ" అంటుంటే, "బ్యాంకులో లెక్కలు చూసే మనిషివి, ఈ మాత్రం తినకపోతే ఎట్లా" అని ఇంకొక గరిటె వేశారు. అబ్బాయి కంచం పక్కకి జరిపి లేచాడు. "మీరు కూర్చోండి నాన్నా, నేను వేస్తా" అని పప్పుగిన్నె అందుకోబోతే, "నీకు రాదు, ఒలకబోస్తావు. ముందు చూడు," అన్నారు. మా అబ్బాయి నిలబడి చూశాడు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, పిల్లల మధ్య ఇంకొక పిల్లాడిలా చూశాడు.

అన్నీ ఒక్కసారిగా మారిపోయాయని చెప్పను. ఆదివారాలు ఆయనే వడ్డిస్తారు. మిగతా రోజుల్లో ఎవరిది వాళ్ళు పెట్టుకుంటాం. పని ఒత్తిడి ఉన్నప్పుడు ఆయన పాత పద్ధతిలో కూర్చుని ఎదురుచూస్తారు, నేనూ పాత పద్ధతిలోనే లేచి వెళతాను. సగం దూరం వెళ్ళాక ఇద్దరికీ గుర్తొస్తుంది. కూర వండటం జోలికి మాత్రం ఆయన ఇంకా రాలేదు.

మొన్న మా పెద్దన్నయ్య విజయవాడ నుంచి వచ్చాడు. ఆదివారమే వచ్చాడు. ఈయన నడుముకి తువ్వాలు చుట్టుకుని చారుగిన్నెతో నిలబడటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదేంటి బావగారూ, మీరు వడ్డిస్తున్నారు? చెల్లెలికి ఒంట్లో బాగోలేదా?"

ఈయన ఏం చెబుతారోనని నేనూ కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్లలిద్దరూ తినడం ఆపేసి, కళ్ళార్పకుండా తాత మొహంలోకే చూస్తున్నారు.

"బాగానే ఉంది. కాళ్ళు కడుక్కుని రండి, చారు చల్లారిపోతుంది," అన్నారు మా ఆయన.